ఆమెన్ అనేదాకా

అయినా ఖాళీ పెట్టెను అంత మెల్లగా ఎందుకు మోస్తున్నారమ్మా అని జూలియా అడిగింది, రోజంతా బడిలో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పే నోరు ఇంటి పిల్ల దగ్గర మూతపడిపోతోంది ఈ మధ్య, సినిమా కదా, బరువున్నట్టు కనబడాలి అన్నాను, అది తల ఊపి మళ్ళీ పెట్టెవైపు తిరిగింది, నల్లరంగు చెక్కపెట్టె, మూత మీద తెల్ల శిలువ, రంగు పూర్తిగా ఆరకపోవడంతో మోసే నలుగురి అరచేతులూ నల్లబడ్డాయి, వాళ్ళలో ఒకడు పక్కవాడి చొక్కాకు చెయ్యి తుడవబోయాడు, ఇద్దరూ నవ్వుకున్నారు, నిజం పెట్టె మోసిన రోజు ఎవరూ నవ్వలేదు, మెట్టు దిగేటప్పుడు సంఘపెద్ద బంగారయ్యగారి కాలు తడబడింది, అటు చూడకూడదని నేను చర్చి గోడ పెచ్చులూడిన చోట చూస్తూ నిలబడ్డాను, ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది, సినిమావాళ్ళ మనుషులు సున్నం కొడతామంటే దర్శకుడు శౌభిక్ వద్దన్నాడట, అలా ఉంటేనే బాగుందట.

ఒక ఆదివారం ఆరాధన జరుగుతుండగా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు ఈ శౌభిక్, గడ్డం, భుజాన గుడ్డసంచి, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటాడు, అందరం బయటికి వచ్చాక చెప్పాడు, ఒక చిన్నపిల్ల, తండ్రి ఓడల డాక్‌లో పనిచేస్తూ పోతాడు, ఆ తర్వాత ఆ పిల్ల ఎలా బతికిందన్నదే కథ, తండ్రిది ఇక్కడి గార్డెన్ రీచే, ఇరుగుపొరుగంతా తెలుగువాళ్ళు, సమాధి చేసేటప్పుడు మీ సంఘమే మీ సంఘంలా వచ్చి నిలబడితే చాలు, నటించనక్కర్లేదు, ఎప్పుడూ ఎలా ప్రార్థన చేస్తారో అలాగే చేయండి అన్నాడు, అతను బెంగాలీలో అలా చెప్పుకుపోతుంటే నా వైపు చూడకుండా ఉండడానికి చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు, కృపాకర్ డాక్‌లో ఎలక్ట్రీషియన్, పోయి ఇంకా ఏడాది తిరగలేదు, భార్య అక్కడే నిలబడి ఉంది, కూతురు ఆమె కొంగు పట్టుకుని ఉంది, ఆ కుర్రవాడికి ఇవేవీ తెలియవు, ఎవరో ఒకరు వద్దంటారనుకున్నాను, ఎవరూ అనలేదు, జూలియాయే కొంగు లాగి, మనమూ వెళ్దామమ్మా అంది, వాళ్ళ నాన్న పోయాక అది ఎక్కడికైనా వెళ్దామని అడగడం అదే మొదలు, కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా, సరే అన్నాను.

కాదన్నది మా అత్తగారు రోజమ్మ ఒక్కరే, దసరా పూజలకు ముందే పలాస నుంచి వచ్చి ఉన్నారు, ఖాళీ పెట్టె మీద ప్రార్థనేటి, దేవుడితో పరాచికాలేటి అని సంఘం మీటింగులో లేచి మరీ అడిగారు, అక్కడ పెద్ద బంగారయ్యగారు, డాక్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, దేన్నయినా విప్పి చూస్తేగాని ఒప్పుకోడు, చాలాసేపు గడ్డం గోక్కుని, చూడమ్మా రోజమ్మా, పెట్టె వాళ్ళది, ప్రార్థన మనది, దొంగ ప్రార్థన నేను చెయ్యను, సంఘంలో జబ్బుగా ఉన్నోళ్ళ కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం నిజంగానే చేసీద్దాం, పక్కనుంచి వాళ్ళు ఫొటో తీసుకుంటే తీసుకోనీ, మనకేటి పోయింది అన్నాడు, అలా తీర్మానమైంది, శౌభిక్‌కు తెలుగు రాదు, అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, తెల్లచీరలు మేమే తెస్తాం అని అతని సహాయకురాలు తృణా అంటే అక్కర్లేదన్నాం, మా అందరికీ ఉన్నాయి, భూస్థాపనకు కట్టుకునే చీర లేని ఇల్లు మా సంఘంలో ఉండదు, నాది నిన్న తీసి ఇస్త్రీ చేశాను, ఎన్నిసార్లు ఉతికినా మోకాళ్ళ దగ్గర మట్టి మరక అలాగే ఉంది, వేరేది కట్టుకుందామనుకున్నాను, ఎందుకో మరకను కుచ్చిళ్ళలో దాచి అదే కట్టుకున్నాను, పొద్దున సందులో పూజ పందిళ్ళు విప్పిన వెదురు బొంగులు అడ్డంగా పడి ఉండి లైట్ల బండి లోపలికి రాలేదు, మనుషులే మోసుకొచ్చారు, పదింటికి మొదలవ్వాల్సింది మధ్యాహ్నమైంది, అప్పటికే నా కాళ్ళు పీకుతున్నాయి, సెలవుల్లో కూడా ఈ అలసట తీరడం లేదు, పడుకుంటే తీరేది కాదేమో ఇది.

చెయ్యాల్సింది ఏమీ లేదు, పెట్టెను తెచ్చి ముక్కాలి బల్లల మీద పెడతారు, సినిమాలో కూతురుగా వేసే పిల్ల మిష్టు దాని మీద చెయ్యి వేసి నిలబడుతుంది, మేమందరం తలలు వంచి కళ్ళు మూసుకుంటాం, ప్రార్థన, అంతే, యాక్షన్ అనగానే బంగారయ్యగారు ప్రభువా అన్నాడు, అందరం మూసుకున్నాం, కాసేపటికి శౌభిక్ కట్ అన్నాడు, ఒక్క తలా లేవలేదు, మళ్ళీ గట్టిగా అన్నాడు, బంగారయ్యగారు అప్పటికి ప్రార్థనలో పైపులైను వీధి కామెర్ల రోగులను దాటుకుని నర్సింగ్ పరీక్ష రాస్తున్న పూజిత దగ్గరికి వచ్చాడు, తృణా పరిగెత్తుకొచ్చి తాతను పిలిచినట్టు దాదూ కట్, కట్ అంటూ ఆయన భుజం తట్టింది, ఆయన కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యి ఎత్తి ఆగమన్నాడు, ఆగింది, పూజిత అయ్యాక కుళాయిలో నీళ్ళు, కుళాయి అయ్యాక ఈ సినిమా తీసే బిడ్డల క్షేమం, చివరికి ఆమెన్ అన్నాక అప్పుడు తెరిచి, అమ్మాయీ, మీ డైరెక్టరుబాబు కట్ చెప్పాడు సరే, పైనున్నాయన చెప్పొద్దేటి అన్నాడు, వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఆ మాట బెంగాలీలో చెప్పు టీచరమ్మా అని ఆయన అంటే చెప్పాను, శౌభిక్ నవ్వలేదు, కెమెరా అతనితో, నేను కట్ అన్నా ఆపకు, వాళ్ళు ఆపేదాకా తీస్తూనే ఉండు అన్నాడు, ఈ కుర్రవాడు పనికొస్తాడు అనుకున్నాను, తరగతిలో ఒక్కొక్కప్పుడు ఒక పిల్లవాణ్ణి చూసి అలా అనుకుంటాను.

ఆ తర్వాతే బయటపడింది జూలియా సంగతి, దాన్ని నిలబెట్టాలని ఎవరూ అనుకోలేదు, మిష్టుయే వచ్చి దీని చెయ్యి పట్టుకుంది, విడిపిస్తే గొడవ చేసింది, సరే పక్కింటి స్నేహితురాలు అనుకుంటారులే అని ఇద్దరినీ పెట్టె పక్కన నిలబెట్టారు, ఇప్పుడు తృణా వచ్చి, దీదీ, మీ పాప కళ్ళు మూసుకోవడం లేదు, అందరివీ మూసి ఉండి ఒక్కళ్ళవి తెరిచి ఉంటే చూసేవాళ్ళ చూపంతా అక్కడికే పోతుంది, కొంచెం చెప్పరూ అంది, ఇక్కడ కూడానా అనుకున్నాను, ఇంటి గొడవ ఇంట్లో ఉండకుండా కెమెరా ముందుకు వచ్చిందా, చెబుతాను అన్నాను, చెప్పాను, జూలియా, అందరూ ఎలా ఉంటే అలా ఉండాలి, సినిమా కదా అన్నాను, అది సరే అంది, అది ఎప్పుడూ సరే అనే అంటుంది, పక్కన అత్తయ్య, అది మూయదమ్మా, సినిమా కాదు కదా దేవుడొచ్చి చెప్పినా మూయదు, ఎవరి పంతమో ఏటో అన్నారు, ఎవరి పంతమో ఆవిడకు తెలుసు, కృపాకర్ అచ్చం ఇలాగే, ఏదీ వద్దనడు, చెయ్యడు.

రెండోసారి మొదలైంది, ప్రభువా అన్నాడు బంగారయ్యగారు, నేను కళ్ళు మూసుకున్నాను, మూసుకోగానే నడుము దగ్గర్నుంచి నిద్రలాంటిది పైకి పాకుతుంది, నిద్ర కాదు, నిలబడి ఉండగానే ఒళ్ళు నన్ను వదిలేసినట్టుంటుంది, ఈ రెండు మూడు నిమిషాలే నాకు దొరికే విశ్రాంతి, చుట్టూ అందరూ మూసుకుని ఉన్నారు, ఎవరూ చూడరు, ముఖం ఎలా ఉంటే అలా వదిలేయవచ్చు, జూలియా మూసుకుందో లేదో చూడాలి, చూస్తే నేను తెరిచినట్టవుతుంది, తండ్రి పోయినప్పటి నుంచి ఇంతే, రాత్రి భోజనం ముందు మూయదు, చర్చిలో మూయదు, సండే స్కూలు టీచరు ముందు ముద్దు చేసి చెప్పింది, తర్వాత కోప్పడింది, తర్వాత క్రిస్మస్ పాటల గుంపులోంచి తీసేసింది, అయినా మూయలేదు, ఒక సాయంత్రం అత్తయ్య అరచేత్తో దాని కళ్ళు కప్పితే చెయ్యి కొరికింది, రక్తం రాలేదుగానీ పళ్ళు దిగాయి, అత్తయ్య ఏడ్చారు నొప్పికి కాదు, నా కొడుకు బిడ్డ దేవుడికి దూరమైపోతోందని, ఆవిడ భయం నాకు అర్థమైంది, పిల్లదే అర్థం కాలేదు, ప్రభువా ఆ మంచం చుట్టూ అని బంగారయ్యగారు ఏదో అంటున్నాడు, ఎవరో మంచాన పడ్డవాళ్ళ కోసం, మంచం అనగానే ఆ సాయంత్రం, ఆసుపత్రివాళ్ళు కృపాకర్‌ను ఇంక తీసుకెళ్ళండి అన్నారు, తెచ్చి కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టాం, సంఘం అంతా వచ్చింది, ఇరుకు గదిలో భుజాలు తగులుతూ నిలబడ్డాం, జూలియా వాళ్ళ నాన్న పాదాల దగ్గర, నేను తల దగ్గర, ఇదే గొంతు, ఇలాగే పొడుగ్గా, అందరం కళ్ళు మూసుకున్నాం, ఆమెన్ అన్నాక తెరిచి చూస్తే కృపాకర్ లేడు, ముఖం అలాగే ఉంది, కానీ లేడు, ఏ మాట దగ్గర వెళ్ళాడో అక్కడున్న ఒక్కరికీ తెలియదు, ప్రార్థనలో ఉండగానే ప్రభువు పిలుచుకున్నాడు, ఎంత ధన్యత అని ఆ రాత్రి నుంచి వచ్చినవాళ్ళందరూ అన్నారు, ఆదరణ కూడికలో బంగారయ్యగారు సాక్ష్యంగా చెప్పాడు, జ్ఞాపకార్థం కార్డు మీద నిద్రించిరి అని వేస్తుంటే నేను మరణించారు అని వేయండి అన్నాను, మాట ఉన్నదున్నట్టు ఉండాలని నాకు, కానీ ప్రార్థనలో పిలుచుకున్నాడన్న మాట మాత్రం నేనూ చెప్పాను, ఫోను చేసిన ప్రతివాళ్ళకూ చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలి కదా, అది చెబితే అవతలివాళ్ళు త్వరగా ఫోను పెట్టేసేవారు, ఆమెన్.

తెరిచేసరికి జూలియా కాలి వేలితో మట్టి గీస్తోంది, ఏమీ ఎరగనట్టు, తృణా దూరం నుంచే రెండు చేతులూ తల మీద పెట్టుకుంది, మూయలేదన్నమాట, ఈసారి పిల్లలిద్దరినీ పెట్టెకు అటువైపు మార్చారు, ఆడవాళ్ళను కూడా ముందువాళ్ళను వెనక్కి, వెనకవాళ్ళను ముందుకు, నన్ను వేపచెట్టు వైపు నిలబెట్టారు, ఇంకోసారి తీశారు, మూయలేదు, మళ్ళీ మార్చి జూలియాను అత్తయ్య వెనక కనబడకుండా నిలబెట్టారు, అప్పుడూ కుదరలేదు, అత్తయ్య చీర చాటునుంచి తల బయటపెట్టిందట, ఇంతలో ఎండ మబ్బులోకి పోయింది, వెలుగు వచ్చేదాకా టీ తాగండి అన్నారు.

మట్టి గ్లాసులో టీ వేడిగా ఉంది, మెట్టు మీద కూర్చున్నాను, నా వెనక పైమెట్టు మీద పిల్లలిద్దరూ బిస్కెట్లు నానబెట్టుకుంటూ బెంగాలీలో మాట్లాడుకుంటున్నారు, జూలియా బెంగాలీ నాకంటే శుభ్రంగా ఉంటుంది, నిజంగానే మీ నాన్న చచ్చిపోయాడా అంది మిష్టు, ఊ అంది ఇది, ఏడ్చావా, కొంచెం, నాకు తర్వాతి సీన్లో ఏడుపు రావాలి, రాకపోతే కంట్లో మందు వేస్తారు, చల్లగా ఉండి తర్వాత మంట, నీళ్ళు వాటంతటవే కారిపోతాయి, నీకూ వేయమని చెప్పనా, వద్దు అంది జూలియా, ఎందుకు, భయమా, భయం కాదు, మంట పుడితే కళ్ళు మూతపడిపోతాయి కదా అంది, మిష్టుకు అది సమంజసంగానే తోచినట్టుంది, నీ బిస్కెట్టు పడిపోయింది చూడు అంది, గ్లాసులో వేలు పెట్టి తీసుకున్నారు, నవ్వుకున్నారు, జూలియా నవ్వు విని ఎన్నాళ్ళయిందో, వెనక్కి తిరిగితే ఆపేస్తుందని తిరగలేదు.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, పుష్పా, నేను చెడ్డదాన్ననుకోకు అన్నారు, ఎప్పుడూ నన్ను టీచరమ్మా అని ఎత్తిపొడిచే మనిషి పేరు పెట్టి పిలిస్తే నాకు భయం వేసింది, ఆదివారం షాలిమార్ టేసన్లో బండెక్కీస్తే తెల్లారేసరికి ఊళ్ళో ఉంటాం, పిల్లగుంటకీ కలిపే టికెట్టు తీయించాను, నీకు తెలుసు, ఊ అనకుండా నానుస్తున్నావు, దాన్నక్కడ హాస్టల్లో ఏద్దాం, హాస్టల్ పెద్దమ్మ మన చుట్టమే, పదిమంది ఆడగుంటల్లో పడితే అదే దారిలోకొస్తాది, ప్రార్థన అలవాటవుతాది, నేను వారం వారం చూసొస్తాను, ఇక్కడ నువ్వొక్కదానివి, బడి, ఇల్లు, దీని పంతాలు, నీ మొకం చూసుకున్నావా అద్దంలో, ఏటైపోతావో అని నాకు నిద్దర పట్టదు అన్నారు, నేను టీ చూస్తున్నాను, పైన మీగడలా ఏదో తేలింది, అవునత్తయ్యా అని కొంత, వద్దత్తయ్యా అని కొంత లోపల ఉన్నాయి, ఏది బయటికి వచ్చినా ఇంకో పదిమాటలు చెప్పాల్సి వస్తుంది, ఆ పదిమాటలు నా దగ్గర లేవు, అక్కడైతే దానికి పిల్లలు ఉంటారు, తల నిమిరేవాళ్ళుంటారు, నేను నిమరడం లేదు కదా, సాయంత్రం అన్నం పెట్టి, బడి పుస్తకాలు దిద్దుకుని, దీపం ఆర్పేయడమే కదా, నాలాంటి తల్లి దగ్గర ఉండి దానికి ఒరిగేదేముంది, సరే అత్తయ్యా, తీసుకెళ్ళండి అన్నాను, అన్నాక ఒంట్లో ఏదో దిగిపోయినట్టయింది, తేలిక కాదు, ఖాళీ, అత్తయ్య నా వీపు మీద చెయ్యి వేశారు, వెనక నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు, తిరిగి చూస్తే పైమెట్టు మీద మిష్టు ఒక్కతే ఉంది, జూలియా ఏదమ్మా అంటే, పెట్టె వైపు వేలితో చూపించింది, వెళ్ళిపోయి తన చోట తను నిలబడి ఉంది, ఎవరూ పిలవకుండానే.

దీదీ ఒకసారి రండి అని శౌభిక్ పిలిచాడు, నల్లగొడుగు కింద చిన్న తెర పెట్టుకుని కూర్చున్నాడు, కోపంగా లేడు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది, తృణా స్టూలు జరిపి, మీరు టీచర్ కదా, మీరు చూస్తే మీకే తెలుస్తుంది అంది, టీచర్‌నే, చూపించండి అన్నాను, తీసినవన్నీ వరుసగా చూపించాడు, కెమెరావైపు చూస్తే సరే పిల్ల కదా అనుకునేవాణ్ణి, పెట్టెవైపు చూస్తే ఇంకా బాగుండేది, వాడుకునేవాణ్ణి, ఒకసారి కుడికి చూస్తుంది, ఒకసారి ఎడమకు, ఒకసారి మెడ చాచి ఎక్కడో వెనక్కి, నిలకడ లేదు, ఎక్కడ చూస్తోందో నాకు తెలియడం లేదు అన్నాడు, నేను తెర మీదికి వంగాను, తలలన్నీ వంగి ఉన్నాయి, తెల్లచీరలు, బంగారయ్యగారి బట్టతల, మధ్యలో నా కూతురి ముఖం తెరిచిన కిటికీలాగా ఉంది, దాని చూపు పట్టుకుని నేనూ కుడివైపు వెళ్ళాను, అక్కడ ఒక ఆడమనిషి, ఎవరీవిడ, మా సంఘంలో ఇంత పెద్దావిడ ఎవరు అనుకున్నాను, దవడ జారి ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుంది, రెప్పల కింద నలుపు, ఊపిరి ఉన్నట్టు లేదు, నిలబడే పోయినట్టుంది, కుచ్చిళ్ళు చెదిరి మోకాళ్ళ దగ్గర మట్టి మరక.

ఇంకోటి చూపించండి అన్నాను, చూపించాడు, వేపచెట్టు దగ్గర నేను, జూలియా మెడ ఎడమకు, వేపచెట్టు వైపు, ఇంకోటి, అత్తయ్య వెనక అది, చీర పక్కకు తోసి తల బయటపెట్టి, వెనక వరసలో ఉన్న నన్ను వెతికి పట్టుకుంది, పట్టుకునేదాకా దాని కళ్ళు ఒక్కొక్క తెల్లచీర మీదా ఆగి ఆగి వెళ్ళాయి, నన్ను చూశాక ఇంక కదల్లేదు, మళ్ళీ వేపచెట్టుది వేయించాను, అందులో ఒకచోట నేను తూలాను, నాకు గుర్తులేదు, నిద్ర పైకి పాకి ఉంటుంది, ఒళ్ళు ఇంత ముందుకు వాలి మళ్ళీ నిలబడింది, అంతే, ఆ ఇంతలోనే జూలియా మిష్టు చెయ్యి వదిలేసి ఒక అడుగు ముందుకు వేసింది, రెండు చేతులూ చాచింది, నేను నిలదొక్కుకున్నాక ఆ అడుగు వెనక్కి తీసుకుంది, ఆమెన్ దగ్గర నా రెప్ప కదిలీ కదలగానే తల దించి కాలితో మట్టి గీయడం మొదలుపెట్టింది, ఎప్పుడూ నేను తెరిచేసరికి అది కిందికే చూస్తుంటుంది, నా కళ్ళు మూసి ఉన్నప్పుడు అది ఎక్కడ చూస్తుందో నాకు ఎలా తెలుస్తుంది, ఎవరికి తెలుస్తుంది, అందరం మూసుకునే కదా ఉన్నాం, ఆ గదిలో కూడా అందరం మూసుకునే ఉన్నాం, పాదాల దగ్గర నిలబడి అదీ మూసుకుంది, బుద్ధిగా, మేం నేర్పినట్టే, తెరిచేసరికి నాన్న లేడు, అప్పటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ప్రార్థనలో ఉండగా పిలుచుకున్నాడు, ప్రార్థనలో ఉండగా తీసుకుపోయాడు, దాని తల మీదుగా నేనూ ఫోనులో అదే, తృణా నీళ్ళ సీసా ఇచ్చింది, తాగాను, ఎక్కడ చూస్తోంది దీదీ, మీకు తెలిసిందా అన్నాడు శౌభిక్, తెలిసింది, ఇంకోసారి తీయండి, ఈసారి నన్ను వరసలో పెట్టకండి, మీ కెమెరా పక్కన, దానికి ఎదురుగా నిలబడనివ్వండి అన్నాను, అతను నా ముఖం చూశాడు, తన కుర్చీ తీసి పక్కకు పెట్టి చోటు ఇచ్చాడు.

జూలియా దగ్గరికి వెళ్ళాను, వంగితే నడుము పట్టేసింది, కూర్చున్నాను, మట్టిలో, చీర పోతే పోనీ, ఏం చెప్పాలి, పాఠం అయితే ముందు రోజు చదువుకుని వెళ్తాను, దేవుడు అలా చేయడు అని చెప్పనా, చేశాడు కదా దాని కళ్ళముందు, దాని కళ్ళముందు కూడా కాదు, నేను అక్కడ నిలబడతాను, కెమెరా పక్కన అన్నాను, సరే అంది, నేను కళ్ళు మూసుకోను, నిన్నే చూస్తూ ఉంటాను అన్నాను, ఈసారి సరే అనలేదు, నా ముఖం వెతికింది, మొత్తం అయ్యేదాకానా, మొత్తం అయ్యేదాకా, బంగారయ్య తాతయ్య ఎంతసేపు చేసినా, ఎంతసేపు చేసినా, కుళాయి, పూజితక్క అన్నీ అయ్యేదాకా, అన్నీ, నిద్రొస్తే, నిద్ర రాదు, నీకు వస్తుంది, నిలబడే వస్తుంది, నేను చూశాను అంది, మిష్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది, వస్తే గిల్లుకుంటాను అన్నాను, రెప్ప వేయొచ్చు అంది జూలియా, రెప్ప వేస్తే పరవాలేదు, మళ్ళీ తెరవాలి అంతే.

ప్రభువా అన్నాడు బంగారయ్యగారు, తలలన్నీ ఒక్కసారి వంగాయి, నేను వంచలేదు, ఇంత వయసు వచ్చాక మొదటిసారి చూస్తున్నాను, ప్రార్థనలో మనుషులు ఎలా ఉంటారో, ఎంత వదులుగా ఉంటారో, పూజిత తల్లి పెదవులు కదుపుతోంది, బంగారయ్యగారి కనుబొమలు ఒక్కొక్క పేరుకూ ఎగురుతున్నాయి, అత్తయ్య రెండు బుగ్గలూ తడిగా ఉన్నాయి, కొడుకు కోసమే అయి ఉంటుంది, ఆవిడకు ఖాళీ పెట్టె అయితేనేం, ఎవరి ముఖానికీ కాపలా లేదు, ఇంతమందిలో ఎవరికి ఏమైనా పక్కవాళ్ళకు తెలియదు, ఈ నెలలన్నీ ఈ పిల్ల ప్రతి పూటా ఇదే చూస్తూ నిలబడింది, ఒక్కతే, అందరి తిట్లూ తింటూ, జూలియా నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను, కళ్ళు మండుతున్నాయి, రెప్ప వేసి తెరిచాను, అది గమనించింది, కామెర్లు అయ్యాయి, అది ఒక కన్ను మూసింది, రెండోది తెరిచే ఉంచి నన్ను పరీక్షించింది, నేను ఉన్నాను, మూసిన కన్ను తెరిచింది, ఇంకో కన్ను మూసింది, పూజిత అయింది, కుళాయి మొదలైంది, రెండూ మూసింది, వెంటనే తెరిచింది, ఉన్నాను జూలియా, ఉన్నాను, మళ్ళీ మూసింది, రెప్పలు కాసేపు అదురుతూ అదురుతూ ఉండి ఆగాయి, దాని భుజాలు దిగాయి, తొమ్మిదేళ్ళ పిల్ల భుజాలు అంత పైకి ఎత్తుకుని ఉన్నాయని దిగేదాకా నాకు తెలియలేదు, శౌభిక్ నా పక్కన ఊపిరి బిగబట్టాడు, అతని సినిమాకు కావలసింది అతనికి దొరికింది, దొరకనీ, బంగారయ్యగారు ఇంకా చేస్తున్నాడు, చేయనీ, సాయంత్రమయ్యేదాకా చేయనీ, నాకు తొందర లేదు, అలసట పోలేదు, అలాగే ఉంది, దానితోనే నిలబడవచ్చు, దేవుడికి దూరమైందనుకున్నాం, పంతమనుకున్నాం, కాదు, తండ్రిని చూడకుండా పోగొట్టుకున్నానని తల్లిని చూస్తూ కాపాడుకుంటోంది, దీన్ని దారిలో పెట్టాలని దూరం పంపితే ప్రతి ప్రార్థనలోనూ నేను కనబడని చోట కళ్ళు తెరుచుకుని నిలబడుతుంది, నేను ఉన్నానో లేదో అక్కడి నుంచి ఎలా చూస్తుంది, అత్తయ్యతో ఏం చెప్పాలో తెలియదు, ఎలాగో చెబుతాను, ఏడుస్తారు, ఏడవనీ, జూలియాను ఎక్కడికీ పంపను.